పిల్లల థైరాయిడ్ గోలీలు, లివర్ భయం: ఏ డబ్బ గురించి జాగ్రత్త, ఏ డబ్బ ఆపొద్దు

పోయిన ఎండాకాలంల ఒకరోజు మధ్యాహ్నం, షాపుల జనం లేని టైంల, దేవరకొండ దిక్కు నుంచి ఒక అక్క వచ్చింది. నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర్ల మెడికల్ షాపుల పనిచేస్త, ఫార్మసీ చదువుకున్న, ఏండ్ల సంది ఇదే కౌంటర్. ఆమె ప్లాస్టిక్ కవర్ల నుంచి ఒక చిన్న తెల్ల డబ్బ తీసి ముంగట పెట్టింది. మూత తీస్తే పైన దూది అట్లనే ఉంది, గోలీలు దాదాపు నిండుగున్నయి. "అన్నా, ఇది వాపస్ తీస్కుంటవా, బాబుకు ఆపేసిన, ఈ థైరాయిడ్ గోలీలతోటి చిన్నపిల్లల లివర్ ఖరాబ్ అయితదట గదా, మా మరిది ఫోన్ల చూపిచ్చిండు" అన్నది.

డబ్బ తిప్పి చూసిన. లెవోథైరాక్సిన్, 50 మైక్రోగ్రాములు. బాబుకు ఎన్నేండ్లక్కా అంటే రెండేండ్లు నిండినయి అన్నది, పుట్టినప్పుడే మడమకాడ సూది గుచ్చి రక్తం తీస్తే థైరాయిడ్ తక్కువుందని తేలిందట, అప్పటిసంది రోజూ పొద్దున గోలీ నూరి చెంచా నీళ్లల్ల కలిపి పోస్తున్నదట. ఆపి ఎన్ని రోజులైందంటే ఇరవై రోజులు అన్నది. నాకు ఒక్కసారి గుండె జారినట్టైంది.

ఎందుకంటే ఆ మరిది చూపిచ్చిన ముచ్చట అబద్ధం కాదు. పిల్లల లివర్ పాడుచేసిన థైరాయిడ్ గోలీ ఒకటి నిజంగనే ఉంది, దాంతోటి పిల్లలు చచ్చిపోయిన్రు, కొంతమందికి లివర్ మార్చాల్సొచ్చింది. కానీ అది ఈ డబ్బ కాదు. ఇది దానికి పూర్తిగ ఉల్టా పనిచేసే మందు. మన దగ్గర రెండిటినీ ఒకే పేరుతోటి పిలుస్తం, "థైరాయిడ్ గోలీ" అని, డబ్బలు కూడ ఇంచుమించు ఒక్క తీరుగనే ఉంటయి, ఇగ అక్కణ్నుంచే మొత్తం గందరగోళం మొదలైతది. అందుకే ఇంత పొడుగు రాస్తున్న, జర ఓపికతోటి చదువుండ్రి.

మెడల గొంతు ముంగట సీతాకోకచిలుక లెక్క ఉండే చిన్న గ్రంథి థైరాయిడ్. అది వదిలే హార్మోన్ ఒంట్ల పొయ్యి మంట అసుంటిది. మంట తక్కువైతే హైపో, అంటే మనిషి మందంగ అయితడు, పిల్లలైతే ఎదుగుదల ఆగుతది, పుట్టిన పాపకైతే మెదడే సరిగ ఎదగదు. మంట ఎక్కువైతే హైపర్. మన చుట్టుపక్కల "థైరాయిడ్ ఉంది" అనెటోళ్లల్ల ఎక్కువమందికి ఉండేది హైపోనే, వాళ్లు వేసుకునేది లెవోథైరాక్సిన్, అది ఒంట్ల తక్కువపడ్డ హార్మోన్‌నే బయటినుంచి నింపే మందు. హైపర్ ఉన్నోళ్లకు ఇచ్చేటివి గ్రంథిని అణిచే మందులు, వాటిల ముఖ్యమైనవి మూడు: మెథిమజోల్, కార్బిమజోల్, ప్రొపైల్‌థయోయురాసిల్. ఈ మూడోదాన్ని అందరూ పీటీయూ అంటరు. పిల్లల లివర్ కథంతా ఈ పీటీయూ చుట్టే.

హైపర్ పిల్లలల్ల తక్కువ, కానీ వచ్చినప్పుడు ఇంట్ల ఎవ్వరికీ తొందరగ అర్థం కాదు. ఆడపిల్లలకు ఎక్కువ, పదేండ్లు దాటినంక ఎక్కువ. పిల్ల మస్తు తింటది కానీ బక్కగ అయితది, ఫ్యాన్ కింద కూసున్నా చెమటలు, రాత్రి నిద్రపోదు, గుండె దడదడ కొట్టుకుంటది, బళ్లె ఒక్కకాడ కూసోదు, టీచర్ పిలిచి "చదువు మీద ధ్యాస లేదు" అంటది. ఒక తండ్రి నాకు బిడ్డ నోట్‌బుక్ చూపిచ్చిండు, జూన్ల రాసిన పేజీల అక్షరాలు ముత్యాల లెక్క గుండ్రంగ ఉన్నయి, దసరా తర్వాత పేజీల గీతలు దాటి వంకరటింకర, చేతులు వణుకుతున్నయి కాబట్టి. ఇంట్ల ఆ పిల్లను బద్దకమని తిట్టిన్రట, తర్వాత తెలిసినంక ఆ తండ్రి ఎంత బాధపడ్డడో నేను చూసిన.

పిల్లల్ల హైపర్‌కు ఎక్కువసార్లు కారణం గ్రేవ్స్ జబ్బు. రాబర్ట్ గ్రేవ్స్ అని ఐర్లండ్ డాక్టర్ 1835ల దీని గురించి రాసిండు, ఆయన పేరే ఉండిపోయింది. ఒంట్ల రక్షణ వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు పొరపాటున పోయి థైరాయిడ్‌ను ఆగకుంట పనిచేయిస్తయి. నల్లగొండ కాబట్టి ప్రతి ఒక్కరు అడుగుతరు, ఫ్లోరైడ్ నీళ్లతోటా, ఉప్పుతోటా అని. గ్రేవ్స్ అనేది ఆటోఇమ్యూన్ జబ్బు, కుటుంబాల్ల నడుస్తది, తల్లికో మేనత్తకో థైరాయిడ్ ఉండుడు మామూలే, తల్లి వంటతోటి వచ్చింది కాదు, నీళ్లతోటి వచ్చింది కాదు, అయోడిన్ ఉప్పు మానేస్తే పోయేది కూడ కాదు.

ఇక్కడ ఒక మాట. రిపోర్ట్‌ల టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచెయ్యమని మెదడు దిక్కు నుంచి వచ్చే సైగ) తక్కువ, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువ కనపడంగనే అణిచే గోలీ మొదలుపెట్టుడు కాదు. హషిమోటో అనే ఇంకో జబ్బుల మొదట్ల కొన్ని వారాలో నెలలో హార్మోన్ కారిపోయి హైపర్ లెక్కనే కనపడతది, మల్ల దానంతట అదే దిగుతది, దానికి ఈ గోలీలు అవసరమే లేదు. ఏది ఏందో తేల్చనీకె ట్రాబ్ అని యాంటీబాడీ పరీక్ష ఉంటది. ఇంకోటి, జుట్టుకోసమని బయోటిన్ గోలీలు తింటుంటే కొన్ని ల్యాబ్ మిషన్లల్ల థైరాయిడ్ రిపోర్టే తప్పుగ వస్తది, లేని హైపర్ ఉన్నట్టు చూపిస్తది, అందుకే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపుమంటరు. లివర్‌కు దెబ్బ తగిలే అవకాశం ఎంత చిన్నదైనా, అవసరమే లేని గోలీకోసం ఆ అవకాశం ఎందుకు తీస్కోవాలె.

ఇగ పీటీయూ కథ. 1940ల దాకా థైరాయిడ్ ఎక్కువైతే ఆపరేషన్ తప్ప పెద్దగ దారి లేదు. 1943ల ఎడ్విన్ ఆస్ట్‌వుడ్ అనే అమెరికా డాక్టర్ థయోయురియా, థయోయురాసిల్ అనే రసాయనాలతోటి ఈ గ్రంథిని అణచొచ్చని చూపిచ్చిండు. అది పెద్ద మలుపు, కత్తి లేకుంట గోలీతోటి జబ్బు అదుపు. 1947ల అమెరికాల పీటీయూకు పర్మిషన్ వచ్చింది, కొద్దేండ్లకే మెథిమజోల్ కూడ వచ్చింది. కార్బిమజోల్ అనేది ఒంట్లకు పోయినంక మెథిమజోల్ గనే మారుతది, అంటే అసలుకు రెండు ఒకటే, 10 మిల్లీగ్రాముల కార్బిమజోల్ అంటే దాదాపు 6 మిల్లీగ్రాముల మెథిమజోల్. మన షాపుల్ల ఎక్కువ అమ్ముడుపోయేది కార్బిమజోలే, నియోమెర్కజోల్ అంటే చానామందికి తెలుస్తది.

అట్ల ఏండ్లకేండ్లు డాక్టర్లు పీటీయూ రాసినా మెథిమజోల్ రాసినా ఒకటే అనుకున్నరు. పీటీయూ తాగినోళ్లల్ల ఎక్కడో ఒకరికి లివర్ పాడైతదని పుస్తకాల్ల ఉండె, కానీ ఒక మూలకు ఒక లైను. 2008, 2009ల అమెరికాల స్కాట్ రివ్‌కీస్ అనే పిల్లల హార్మోన్ డాక్టర్, ఆయనతోటి ఇంకొంతమంది, చెల్లాచెదురుగ ఉన్న కేసులన్నీ ఒక్కకాడికి తెచ్చి కుప్పపోసిన్రు. అట్ల ఒక్కకాడ పెట్టినంక గని అసలు సంగతి కనపడలే. 2009 జూన్‌ల అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది, 2010 ఏప్రిల్‌ల పీటీయూ లేబుల్ మీద నల్ల గీతల డబ్బాల పెట్టే అన్నిటికన్నా గట్టి వార్నింగ్ వేయిచ్చింది. వాళ్ల దగ్గరికొచ్చిన రిపోర్టుల్ల పీటీయూతోటి లివర్ ఘోరంగ దెబ్బతిన్న కేసులు 34, అందుల 11 మంది పిల్లలు. ఆ 11 మందిల ఇద్దరు చనిపోయిన్రు, ఏడుగురికి లివర్ మార్చాల్సొచ్చింది. అదే మెథిమజోల్‌కు వచ్చినవి 5 కేసులు, అందరూ పెద్దోళ్లే, పిల్లలు ఒక్కరు కూడ లేరు.

34 అంటే ఇంతేనా అనిపిస్తది. కానీ అవి ఎవరో ఒకరు రాసి పంపితే లెక్కకొచ్చినవి మాత్రమే, రాయనివి ఎన్నో. పీటీయూ తాగే పిల్లల్ల దాదాపు 2000 మందిల ఒకరికి లివర్ ఫెయిల్ అయ్యే ప్రమాదముందని ఆ డాక్టర్లు లెక్కగట్టిన్రు. ఈ 2000ల ఒకటి అనే లెక్క మీద నేను చాన ఆలోచన చేసిన. ఒక డాక్టర్ ఏడాదికి పది మంది కొత్త హైపర్ పిల్లలను చూస్తడనుకుందాం, పదిమంది అంటేనే చాన ఎక్కువ, ఆయన కండ్లతోటి ఇసుంటి కేసు ఒకటి చూడాలంటే రెండొందల ఏండ్లు ప్రాక్టీస్ చెయ్యాలె. అంటే ఎంత మంచి డాక్టరైనా, ఎంత అనుభవమున్నా, తన అనుభవంల నుంచి ఇది పట్టుకోలేడు. "నేను ముప్పై ఏండ్ల సంది రాస్తున్న, ఎవ్వరికీ ఏం కాలే" అంటే ఆయన అబద్ధం చెప్పినట్టు కాదు, నిజంగనే ఆయన కంట పడి ఉండదు. అరవై ఏండ్లు ఈ మందు మన నడుమ ఎట్ల తిరిగిందంటే ఇగో ఇట్ల.

మరి నెలనెలా లివర్ టెస్ట్ చేయించుకుంట ఇస్తే సరిపోతది గదా అని ఎవరికైనా అనిపిస్తది, నాకూ అనిపిచ్చింది. కానీ ఇక్కడే ఇది మామూలు సైడ్ ఎఫెక్ట్‌లతోటి వేరే. డోసు ఎక్కువైతే మెల్లమెల్లగ పెరిగే విషం అయితే టెస్ట్‌ల ముందే దొరుకుతది, పారాసిటమాల్ అట్ల, ఎంత మింగితే ఎంత దెబ్బ అని ఒక లెక్క ఉంటది. పీటీయూ దెబ్బకు ఆ లెక్క లేదు. మామూలు డోసు మీదనే, కొంతమంది ఒంటి తత్వానికి, ఉన్నట్టుండి లివర్ కణాలు కుప్పకుప్పలుగ చచ్చిపోతయి. సోమవారం రిపోర్ట్ మంచిగుండి పది రోజులకే పిల్ల కండ్లు పచ్చబడొచ్చు. ఎక్కువ కేసులు మందు మొదలుపెట్టిన మొదటి కొన్ని నెలల్లనే, కొన్ని ఏడాదికి కూడ. ఒక్కోసారి మందు ఆపినంక కూడ దెబ్బ ఆగకుంట ముందుకే పోతది. అందుకే పెద్ద డాక్టర్ల సంఘాలు టెస్ట్‌లు చేస్తూ ఇయ్యుండ్రి అనలే, పిల్లలకు అసలు మొదటి మందుగ పీటీయూ ఇయ్యొద్దన్నరు, ఇయ్యాల్సింది మెథిమజోల్ జాతి మందే అన్నరు. ఇంకే దారి లేక, ఆపరేషన్‌కు తయారుచేసేటప్పుడు కొద్ది రోజులకు తప్ప.

అట్లైతే పీటీయూను మొత్తమే ఎందుకు బంద్ పెట్టలే? దానికి కారణముంది. కడుపుతోటి ఉన్న ఆడోళ్లకు మొదటి మూడు నెలల్ల కార్బిమజోల్, మెథిమజోల్ తాగితే కడుపుల బిడ్డకు అవకరాలు వచ్చే ప్రమాదం ఎక్కువ, నెత్తి మీద చర్మం లేకుంట పుట్టుడు, ముక్కు వెనుక దారి మూసుకపోవుడు అసుంటివి. ఆ మూడు నెలలు పీటీయూనే నయం అని డాక్టర్లు మారుస్తరు. థైరాయిడ్ ఒక్కసారిగ విపరీతమై ప్రాణం మీదికొచ్చే ఎమర్జెన్సీల కూడ అది పనికొస్తది. అంటే ఒకే గోలీ తల్లికి కొన్నాళ్లు సరైన మందు, అదే ఇంట్ల బిడ్డకు ఇయ్యకూడని మందు.

ఇది పుస్తకంల చదివిన మాట కాదు, నా కౌంటర్ దగ్గరికే వచ్చింది. ఒకామె పాత చీటీ తెచ్చి పీటీయూ ఇయ్యుమన్నది. చీటీ మీద తేదీ చూస్తే ఏడాదిన్నర కిందిది, రాసింది గైనకాలజిస్ట్. ఇప్పుడు కడుపుతోటి ఉన్నవా చెల్లె అని అడిగితే నవ్వింది, "లే అన్నా, నాకు కాదు, పెద్ద బిడ్డకు, దానికి గూడ నాకున్నదే అని పాలమూరుల చెప్పిన్రు, డాక్టర్ రాసిన గోలీలు అయిపోయినయి, మల్ల అంత దూరం ఎందుకని, ఇంట్ల నావి మిగిలినయి నాలుగు రోజులు వేసిన, ఇప్పుడు అవి గూడ అయిపోయినయి" అన్నది. పన్నెండేండ్ల పిల్ల. ఆమె దృష్టిల తప్పేముంది, తల్లికి అదే జబ్బు, డాక్టరే రాసిన మందు, తను వేసుకుంటే మంచిగనే అయింది, బిడ్డ పుట్టిండు, అంతా బాగుంది. నేను ఆ గోలీ ఇయ్యలే, బిడ్డ చీటీ ఫోటో తెప్పిచ్చుకొని చూస్తే కార్బిమజోల్ 10 అని ఉంది, అప్పుడే ఆ డాక్టర్‌తోటి ఫోన్ల మాట్లాడిచ్చిన, లివర్ టెస్ట్ చేయించి కార్బిమజోల్ కొనసాగించుమన్నడు. పిల్లకు ఏం కాలే. మన డాక్టర్లు పిల్లలకు రాసేది కార్బిమజోలే, నేను చూసిన చీటీలన్నిట్ల అదే. నా భయమంతా ఇట్ల ఇంట్ల మిగిలిన గోలీల గురించి, పాత చీటీ మీద మల్లమల్ల అమ్మే షాపుల గురించి. షాపు నడిపెటోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే, పీటీయూ అడిగితే ఎవరికి, ఎన్నేండ్లు అని ఒక్క మాట అడగుండ్రి అన్నా, అరనిమిషం పని.

అట్లని కార్బిమజోల్ మంచినీళ్ల అసుంటిదేం కాదు. దానితోటి కూడ అరుదుగ లివర్‌కు ఇబ్బంది రావొచ్చు, కాకపోతే దాని తీరు ఎక్కువగ వేరే, పిత్తం పారుడు మందగించి కామెర్లు, దురద, మందు ఆపితే తగ్గుడు. దాంట్ల నాకు లివర్ కన్నా ఎక్కువ భయం తెల్ల రక్తకణాలు పడిపోవుడు. వెయ్యిమందిల ఇద్దరి నుంచి ఐదుగురికి, ఎక్కువగ మొదటి మూడు నెలల్ల, జబ్బులతోటి కొట్లాడే కణాలు దాదాపు మాయమైతయి. అప్పుడు కనపడేది ఏందంటే జ్వరం, గొంతునొప్పి, నోట్ల పుండ్లు. ఇగ మన ఊర్లల్ల జ్వరం, గొంతునొప్పి అంటే ఏం చేస్తరో తెల్సు గదా, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఒక సూది, మూడు రోజుల యాంటీబయోటిక్, థైరాయిడ్ గోలీ మాత్రం "రోజూ తప్పకుంట వేసుకోవాలె" అని డాక్టర్ చెప్పిండని వేస్తనే ఉంటరు. ఈ ఒక్క విషయంల అట్ల చెయ్యొద్దు. కార్బిమజోల్ వేసుకునే పిల్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే ఆ పూట గోలీ ఆపి, డాక్టర్‌కు ఫోన్ చేసి, అదే రోజు సీబీపీ అనే రక్తకణాల పరీక్ష చేయించాలె, తెల్ల కణాల్ల ఏ రకం ఎన్నున్నయో విడివిడిగ వచ్చే రిపోర్ట్ కావాలె. కణాలు మంచిగున్నయంటే మల్ల మొదలుపెట్టుమంటరు, ఒకటి రెండు రోజులు ఆపితే మునిగిపోయేది ఏం లేదు.

గోలీ మొదలుపెట్టకముందే చేయించాల్సిన టెస్ట్‌లు రెండు, సీబీపీ, లివర్ ఫంక్షన్. ఇది చానామంది ఎగ్గొడతరు, జబ్బు థైరాయిడ్ అయితే లివర్ టెస్ట్ ఎందుకు, పైసల కోసం రాసిన్రు అనుకుంటరు. కానీ అది అవసరమే, ఎందుకంటే హైపర్ జబ్బే స్వయంగ లివర్ ఎంజైములను కొంచెం పెంచుతది. మందుకు ముందే ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్ పెరిగి 70 ఉంటే అది జబ్బుది, జబ్బు అదుపుకొస్తే దిగుతది. ముందు చూడకుంట రెండు నెలలకు 70 కనపడితే అది జబ్బుదా మందుదా ఎవ్వరు చెప్పలేరు, అనవసరంగ మంచి మందు ఆపుతరు, లేకపోతే ఆపాల్సిన మందు ఆపరు. ఇంకోటి కూడ, పిల్లల రిపోర్ట్‌ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే లైను పెద్దోళ్ల లెక్కతోటి చూస్తే ఎప్పుడూ ఎక్కువే కనపడతది, ఎర్ర రంగుల వస్తది, చూసి పరేషాన్ కావొద్దు, ఎదిగే పిల్లల ఎముకల నుంచి కూడ అది వస్తది. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద సర్కారు దవాఖానల్ల థైరాయిడ్, లివర్ టెస్ట్‌లు ఫ్రీగనే చేస్తరు, మన పీహెచ్‌సీల రక్తం ఇస్తే జిల్లా హబ్‌కు పోతది.

అన్నిటికన్నా నేను గట్టిగ చెప్పాలనుకునేది కామెర్ల గురించి. పిల్ల కండ్లు పచ్చబడ్డయి, ఉచ్చ చాయ్ డికాషన్ లెక్క వస్తుంది, అన్నం వాసనకే వాంతి చేస్తుంది అనంగనే మన దిక్కు మొదటి మాట "పసరు పోయించుండ్రి". నల్లగొండల అయినా, పాలమూరుల అయినా, ప్రతి మండలానికి ఒక పేరున్న ఊరు ఉంటది, ఆదివారం పొద్దున పరిగడుపున పోవాలె, ఆకు పసరు తాగిస్తరు, కొన్ని ఊర్లల్ల చేతి మీద వాత పెడతరు, ఉప్పు నూనె లేని పత్యం చెప్తరు. తగ్గినోళ్లు నిజంగనే చానామంది ఉన్నరు, ఎందుకంటే పిల్లలకు వచ్చే కామెర్లల్ల ఎక్కువ భాగం ఖరాబ్ నీళ్లతోటి వచ్చే హెపటైటిస్ ఏ, అది కొన్ని వారాలకు దానంతట అదే తగ్గుతది, పసరు పోసినా తగ్గుతది, పొయ్యకపోయినా తగ్గుతది. కానీ థైరాయిడ్ అణిచే గోలీ వేసుకునే పిల్లకు వచ్చిన కామెర్లు మందువి కావొచ్చు, అవైతే ఆ గోలీ ఒంట్ల పడ్డన్ని రోజులు లివర్ ఇంకింత పోతనే ఉంటది. పసరు కాడికి పోయినోళ్లు గోలీ ఆపరు, వైద్యుడు కూడ అడగడు, అట్ల వారం పది రోజులు పోతయి. ఆ వారం పది రోజులే అన్నిటికన్నా విలువైనవి.

కాబట్టి ఆ గోలీ వేసుకునే పిల్లకు ఆకలి పోవుడు, వాంతులు, కుడిదిక్కు పక్కటెముకల కింద నొప్పి, ఒళ్లంతా దురద, డికాషన్ లెక్క ముదురు ఉచ్చ, సున్నం లెక్క తెల్లటి విరేచనం, ఇవి కనపడితే కండ్లు పచ్చబడే దాకా ఆగొద్దు. గోలీ ఆపాలె, అదే రోజు బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, పీటీ ఐఎన్‌ఆర్ చేయించాలె. ఈ ఐఎన్‌ఆర్ అనేది రక్తం గడ్డకట్టుడు ఎట్లున్నదో చెప్తది, లివర్ నిజంగ ఎంత పనిచేస్తుందో దాంట్ల తెలుస్తది, ఎస్‌జీపీటీ కన్నా అదే ముఖ్యం. హెపటైటిస్ ఏ టెస్ట్ కూడ అప్పుడే చేయిస్తే ఏ కామెర్లో తేలుతది. పిల్ల మత్తుగ ఉన్నా, పొద్దూమాపూ తేడా తెల్వనట్టు మాట్లాడినా, చిగుళ్ల నుంచి రక్తమొచ్చినా ఇగ జిల్లాల ఆగొద్దు, లివర్ మార్పిడి చేసే దవాఖానకే నేరుగ హైదరాబాద్ పోవాలె, దార్ల ఎక్కడా ఒకరోజు అడ్మిట్ చేసి చూద్దాం అనొద్దు. ఏ మందుతోటి దెబ్బ తగిలిందో ఆ మందు మల్ల జన్మల ఆ పిల్లకు ఇయ్యొద్దు, పేరు రాసి ఫైల్‌ల పెట్టుకోవాలె.

మందు పడకపోతే మరి జబ్బు సంగతేందంటే దారులున్నయి. గుండెదడకు ప్రొప్రనాలాల్ లాంటివి ఇస్తరు, ఆస్తమా ఉన్న పిల్లలకైతే అది పడదు, ముందే చెప్పాలె. ఆపరేషన్ ఉంది, చెయ్యి తిరిగిన సర్జన్ అయితే. రేడియో అయోడిన్ ఉంది, మరీ చిన్నపిల్లలకు వద్దంటరు. కార్బిమజోల్ పడ్డ పిల్లలకు కూడ అది రెండు నెలల కోర్సు కాదు, రెండేండ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అయినా మందు ఆపినంక జబ్బు పూర్తిగ తగ్గేది నూటికి ఇరవై ముప్పై మంది పిల్లలకే. ఇది మొదట్లనే తెలిస్తే మధ్యల విసుగొచ్చి మానేసుడు ఉండదు.

నాటు మందుల గురించి ఒక్క మాట. కరోనా సంది తిప్పతీగ ఇంటింటికీ వచ్చింది. తిప్పతీగతోటి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబైతోటి మొదలై మన దేశంల చానా కాడ డాక్టర్లు బయటపెట్టిన్రు, ఆటోఇమ్యూన్ తత్వం ఉన్నోళ్లల్ల మరీ. గ్రేవ్స్, హషిమోటో రెండు అవే గదా. అశ్వగంధతోటి కూడ లివర్ కేసులున్నయి, పైగ అది థైరాయిడ్ హార్మోన్‌ను ఇంకింత పెంచొచ్చు. పిల్లకు మంచిగైతదని ప్రేమతోటి ఇస్తరు, నాకు తెల్సు, కానీ ఈ పిల్లలకు ఇయ్యకుండ్రి.

ఇగ మల్ల ఆ రెండేండ్ల బాబు దగ్గరికి. వాడు తాగేది లెవోథైరాక్సిన్, అది లివర్‌కు దెబ్బకొట్టే మందుగ పేరున్నది కాదు, మన థైరాయిడ్ తయారుచేసే హార్మోనే అది. దాన్ని ఆపితే వచ్చే నష్టం మాత్రం పక్కా. పుట్టుకతోటి హైపో ఉన్న పిల్లలకు మొదటి మూడేండ్లల్ల మెదడు ఆ హార్మోన్ మీదనే కట్టుకుంటది, ఆ టైంల తక్కువైతే తర్వాత ఎన్ని గోలీలు వేసినా పోయింది తిరిగి రాదు. మూడేండ్లు దాటినంక జబ్బు శాశ్వతమా కాదా చూడనీకె డాక్టరే కొందరికి నెలపాటు ఆపి టెస్ట్ చేస్తడు, అది వేరే, రక్తం లెక్క చూసుకుంట చేసేది. ఇది ఆ అక్కకు చెప్తుంటే ఆమె మొఖం తెల్లబోయింది, "నేనే నా కొడుకును ఆగం చేసిన్నా అన్నా" అని కౌంటర్ పట్టుకొని ఏడ్చింది. అక్కా, నువ్వు లివర్ కాపాడుదామనే చేసినవు, ఇయ్యాల్నే తెలిసింది గదా అన్న. పిల్లల డాక్టర్‌కు అక్కణ్నుంచే ఫోన్ చేసిన, ఆ రోజు సంది మల్ల వెయ్యుమన్నడు, రక్తం ఇచ్చిపొమ్మన్నడు. తెల్లారి టీఎస్‌హెచ్ మస్తు పెరిగి వచ్చింది, అంటే ఒంట్ల హార్మోన్ తక్కువపడ్డదన్నట్టు.

ఒక సంగతి మర్చిపోకముందే. మందుతోటి ఏదన్న చెడు జరిగిందనిపిస్తే చెప్పుకోనీకె మన దేశంల ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ అని ఉంది, 2010ల మొదలైంది, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, డాక్టరే చెయ్యాలని లేదు, తల్లిదండ్రులు కూడ చెయ్యొచ్చు, మందు వల్లనే అని రుజువు కూడ అడగరు. 2000ల ఒకరికి వచ్చే దెబ్బ ఒక్క ఊర్ల, ఒక్క దవాఖానల ఎప్పటికీ కనపడదని పైన లెక్క చూసినం గదా, అందరూ చెప్తేనే అది ఒక్కకాడ కుప్పైతది.

అప్పటిసంది నేను పిల్లలకిచ్చే ప్రతి థైరాయిడ్ డబ్బ మూత మీద నల్ల మార్కర్‌తోటి రాసిస్తున్న. లెవోథైరాక్సిన్ అయితే "నింపేది, ఆపొద్దు". కార్బిమజోల్ అయితే "అణిచేది, జ్వరం లేదా కామెర్లు వస్తే ఆపి ఫోన్ చెయ్యి". పిల్ల పేరు కూడ రాస్త, ఇంట్ల ఇంకొకరు వేసుకోకుంట. పోయిన నెల ఆ అక్క కొత్త డబ్బకు వచ్చింది, బాబును చంకనేసుకొని, వాడు కౌంటర్ మీది పెన్నులన్ని కింద పడేసిండు. పాత డబ్బ మూత మీద రాసింది చేతి తడికి చెరిగిపోయిందట, మల్ల పెద్దగ రాయించుకొని పోయింది.